పదిహేను పర్వాలు... ఒక్కో ఆశ్వాసంగా

గ్రూప్స్ సిలబస్ చూడగానే గుండె జారిపోతోందా? దొరవారిసత్రంలో రైలెక్కితే చేరే నెల్లూరులోనే, 13వ శతాబ్దంలో ఒకాయన ఇంతకంటే పెద్ద పని నెత్తికెత్తుకున్నారు. ఆయనే తిక్కన.

నెల్లూరు పాలకుడు మనుమసిద్ధి దగ్గర ఆయనది మంత్రి ఉద్యోగం. రాజుకు సింహాసనం పోతే, ఓరుగల్లు వెళ్లి గణపతిదేవుడి సాయం తెచ్చింది తిక్కనేనని చెబుతారు. అంత ఒత్తిడిలోనూ ఆయన రాయడం మానలేదు.

మహాభారతంలో 18 పర్వాలు. 11వ శతాబ్దంలో నన్నయ మొదటి రెండూ పూర్తిచేశారు. మూడోదైన అరణ్యపర్వం మాత్రం సగంలో ఆగింది. దాదాపు 200 ఏళ్లు పని అక్కడే నిలిచిపోయింది.

తిక్కన నేరుగా భారతం మీద పడలేదు. ముందు నిర్వచనోత్తర రామాయణం రాశారు. చేయి తిరిగాక కూడా, ఆగిన చోటే పట్టుకుని వేలాడలేదు. కొత్తగా మొదలయ్యే విరాటపర్వం అందుకున్నారు. దాన్ని ఐదు ఆశ్వాసాల్లో ముగించారు. తర్వాత ఉద్యోగపర్వం, నాలుగు ఆశ్వాసాలు. అలా ఒక్కొక్కటీ దాటుకుంటూ 15 పర్వాలు పూర్తిచేశారు. మిగిలిన అరణ్యపర్వ భాగాన్ని 14వ శతాబ్దంలో ఎర్రన పూరించారు.

మీరూ అంతే చేయండి. పేపర్‌ని యూనిట్లుగా, యూనిట్‌ని ఒక్క పూటలో అయ్యే ముక్కలుగా విడగొట్టుకోండి. ఈ రోజు ఏ ముక్కో రాసిపెట్టుకుని, అది అయ్యాకే లేవండి. మొండికేసిన చాప్టర్ దగ్గర వారాలు పోగొట్టుకోకుండా, గుర్తు పెట్టుకుని ముందుకెళ్లండి. అయితే పరీక్షలోపు మళ్లీ దాని దగ్గరికి రావాల్సిందే. మీరు వదిలేసింది పూర్తిచేయడానికి ఎర్రన రారు కదా!