గుమ్మం దగ్గర యాపిల్ పళ్ళు

రాక్ కాన్సర్ట్‌కి వెళ్తానని ఇంట్లో అడిగితే మనలో చాలామందికి ఎదురయ్యే ప్రశ్న ఒకటే. అక్కడ మిమ్మల్ని ఎవరు చూసుకుంటారు అని. పాట ఎలా ఉంటుందని ఎవరూ అడగరు. మన బెంగళూరుకి రాక్ కొత్తేం కాదు. 2003లో రోలింగ్ స్టోన్స్, 2007లో ఐరన్ మెయిడెన్ ప్యాలెస్ గ్రౌండ్స్‌లో వాయించి వెళ్ళారు. మా చిన్నాన్న ఆ రాత్రుల గురించి ఇప్పటికీ చెప్తుంటాడు. నేను మొదటిసారి ఒక కాన్సర్ట్‌కి వెళ్ళింది పోయిన ఏడాదే. గేటు దగ్గర మూడు గంటలు నిలబడ్డాం. తాగడానికి నీళ్ళు లేవు. ఎటు వెళ్ళాలో చెప్పే మనిషి లేడు. పాటలు బాగున్నాయి, కాదనను. కానీ ఇంటికొచ్చాక మా అమ్మ అదే ప్రశ్న మళ్ళీ అడిగితే నా దగ్గర జవాబు లేదు.

ఆ ప్రశ్నకి జవాబు చెప్పడమే పనిగా పెట్టుకున్న మనిషి ఒకాయన ఉండేవారని తర్వాత చదివి తెలుసుకున్నాను. ఆయన పాటగాడు కాదు, గిటార్ పట్టిందీ లేదు. పేరు బిల్ గ్రాహమ్, ఊరు అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కో. మన గోడపత్రికలో ఎప్పుడూ కవుల జీవితాలే రాస్తుంటాం కదా, ఈసారి ఒక కచేరీలాయన గురించి రాస్తున్నాను.

ఆయన పుట్టింది 1931 జనవరి 8న, బెర్లిన్‌లో, ఒక యూదు కుటుంబంలో. అప్పటి పేరు వోల్ఫ్‌గాంగ్ గ్రాజోంకా. పుట్టిన రెండు రోజులకే తండ్రి పోయాడు. అప్పటికే ఇంట్లో ఐదుగురు ఆడపిల్లలు. తల్లికి సాకడం కష్టమై, ఆ పసివాణ్ణీ, వాడికంటే కాస్త పెద్దదైన టోలానీ పిల్లల ఆశ్రమంలో చేర్చింది. హిట్లర్ రోజులు ముదిరాయి. 1939లో ఆ ఆశ్రమం పిల్లల్ని కొందర్ని ఫ్రాన్స్‌కి పంపించారు. ఏడాది తిరిగేసరికి జర్మన్ సైన్యం అక్కడికీ వచ్చేసింది. పిల్లలు మళ్ళీ దారి పట్టారు. దారిలో టోలాకి న్యుమోనియా వచ్చింది. ఆమెని వదిలేసి మిగతావాళ్ళు ముందుకు కదలాల్సి వచ్చింది. టోలా బతకలేదు. స్పెయిన్, పోర్చుగల్ దాటి, ఓడెక్కి, 1941 సెప్టెంబరులో న్యూయార్క్ చేరేసరికి వాడికి పదేళ్ళు. బక్కచిక్కి ఎముకల గూడులా ఉన్నాడు. అక్కడ తల్లిని నాజీలు పొట్టన పెట్టుకున్నారు. అక్క ఎస్తర్ మాత్రం ఆష్విట్జ్ చెర నుంచి ప్రాణాలతో బయటపడి, చాలా ఏళ్ళకి తమ్ముణ్ణి చేరుకుంది.

న్యూయార్క్ చేరిన పిల్లల్ని చూడ్డానికి దంపతులు వచ్చేవాళ్ళు. నచ్చిన పిల్లని, నచ్చిన పిల్లవాణ్ణి ఇంటికి తీసుకెళ్ళేవాళ్ళు. వీడు వారాల తరబడి మిగిలిపోయాడు. చివరికి బ్రాంక్స్‌లోని ఒక కుటుంబం తీసుకెళ్ళింది. అక్కడ తోటి పిల్లలు వాడి జర్మన్ యాస విని, నాజీల నుంచి పారిపోయి వచ్చినవాణ్ణే నాజీ అని వెక్కిరించారు. పట్టుబట్టి ఆ యాసని వదిలించుకున్నాడు. ఇంట్లో ఒక తెలుగు, వీధిలో కన్నడం, క్లాసులో ఇంకో తెలుగు మాట్లాడే మనకి ఆ కష్టం కొంచెం అర్థమవుతుంది. తర్వాత పేరు కూడా మార్చుకున్నాడు. టెలిఫోన్ డైరెక్టరీ తిరగేసి, పాత ఇంటిపేరుకి దగ్గరగా వినిపించే గ్రాహమ్ అన్న పేరు తీసుకున్నాడు.

కొరియా యుద్ధానికి పంపితే వెళ్ళి, పతకంతో తిరిగొచ్చారు. క్యాట్‌స్కిల్ కొండల్లోని హోటళ్ళలో వెయిటర్‌గా పనిచేశారు. వచ్చినవాళ్ళ ముఖం చూసి ఏం కావాలో కనిపెట్టడం అక్కడే వంటబట్టింది. సెలవు దొరికితే న్యూయార్క్‌లోని పల్లాడియం డాన్స్ హాలుకి వెళ్ళి మాంబో ఆడేవారు. అంటే కచేరీలు పెట్టకముందు ఆయన కూడా టికెట్ కొనుక్కుని లోపలికి వెళ్ళినవారే.

శాన్ ఫ్రాన్సిస్కోలో ఒక పెద్ద కంపెనీలో మంచి జీతం వచ్చే ఉద్యోగం దొరికింది. దాన్ని వదిలేసి మైమ్ ట్రూప్ అనే వీధినాటక బృందానికి మేనేజర్‌గా చేరారు. 1965లో ఆ బృందం నాయకుణ్ణి అనుమతి లేకుండా పార్కులో నాటకం ఆడాడని అరెస్టు చేశారు. కోర్టు ఖర్చుల కోసం నవంబరు 6న గ్రాహమ్ ఒక సంగీత సభ పెట్టారు. చిన్న చోటు, జనం వీధి దాకా బారులు తీరారు. ఈ ఊళ్ళో ఇంతమంది కుర్రకారు ఒకచోట కూడి పాట వినాలని తహతహలాడుతున్నారని ఆయనకి ఆ రాత్రి తెలిసింది. రెండో సభ డిసెంబరు 10న ఫిల్‌మోర్ ఆడిటోరియంలో జరిగింది. నల్లవాళ్ళు ఎక్కువగా ఉండే పేటలో ఉన్న ఆ హాలుని అప్పటిదాకా నడిపింది చార్లెస్ సలివన్ అనే నల్లజాతి వ్యాపారి. గ్రాహమ్‌కి ఆ గుమ్మం తెరిచింది ఆయనే.

ఫిల్‌మోర్‌లోకి అడుగుపెట్టగానే ఒక పీపా నిండా యాపిల్ పళ్ళు ఉండేవి. ఎవరైనా తీసుకోవచ్చు, డబ్బులక్కర్లేదు. లోపల గోడల మీద రంగులు కదిలే లైట్ షో. కానీ ఆయన గొప్పంతా కంటికి కనపడని పనుల్లో ఉండేది. మైకులు సరిగా పలుకుతున్నాయా, షో టైముకి మొదలైందా, బాత్రూములు శుభ్రంగా ఉన్నాయా అని చేతిలో అట్ట పట్టుకుని హాలంతా తిరిగేవారు. నేల మీద కాగితం కనిపిస్తే తానే వంగి తీసేవారట.

మన గోడపత్రిక వాళ్ళకి ఒక ముచ్చట చెప్పాలి. రాబోయే కచేరీల వివరాలు ఫిల్‌మోర్‌లో నల్లబల్ల మీద సుద్దముక్కతో అందంగా రాసి పెట్టింది బానీ మెక్లీన్ అనే అమ్మాయి. మొదట్లో పోస్టర్లు గీసిన వెస్ విల్సన్ 1967లో డబ్బు దగ్గర గ్రాహమ్‌తో పడక వెళ్ళిపోతే, ఆ పని ఆమె అందుకుంది. ఆమె గీసిన పోస్టర్లు ఇప్పుడు మ్యూజియంలలో ఉన్నాయి. అదే ఏడాది గ్రాహమ్ ఆమెని పెళ్ళి చేసుకున్నారు. తర్వాత విడిపోయారు.

ఒకే టికెట్ మీద జనానికి తెలిసినవాళ్ళనీ, తెలియనివాళ్ళనీ కలిపి వినిపించడం ఆయన అలవాటు. అన్నంలో కూర కలిపి పిల్లలకి పెట్టినట్టు. రాక్ కోసం వచ్చిన కుర్రవాళ్ళు న్యూయార్క్‌లో మైల్స్ డేవిస్ జాజ్ విన్నారు. 1967 మొదట్లో బ్లూస్ గాయకుడు బి.బి. కింగ్ ఫిల్‌మోర్‌కి వచ్చినప్పుడు, గుమ్మం బయట పొడుగు జుట్టు తెల్ల కుర్రాళ్ళని చూసి చోటు మారి వచ్చానేమో అనుకున్నాడు. ఆయన వేదిక ఎక్కగానే హాలు మొత్తం లేచి నిలబడింది. పెద్దాయనకి కళ్ళనీళ్ళు ఆగలేదు.

1968లో న్యూయార్క్‌లో ఫిల్‌మోర్ ఈస్ట్ తెరిచారు. శాన్ ఫ్రాన్సిస్కోలో పెద్ద హాలుకి మారి దానికి ఫిల్‌మోర్ వెస్ట్ అని పేరు పెట్టారు. మూడేళ్ళకే, 1971లో, రెండూ మూసేశారు. గాయకుల రేట్లు పెరిగిపోయాయి. పెద్ద స్టేడియంలో ఒక్క రాత్రికొచ్చే డబ్బు చిన్న హాల్లో వారమంతా వాయించినా రాదు. అది తట్టుకోలేక మూసేసిన మనిషే తర్వాత బాబ్ డిలన్‌కీ, రోలింగ్ స్టోన్స్‌కీ పెద్ద పెద్ద యాత్రలు నడిపారు. దీన్ని దాచి చెప్పకూడదు. ఆయన వ్యాపారి, లెక్క వదిలేవారు కాదు. కోపం వస్తే గాయకుడని లేదు, పోలీసని లేదు, అరుపులే. కానీ జనం ఎంత పెరిగినా పాత అలవాటు పోలేదు. 1976 నవంబరులో ది బ్యాండ్ బృందం వింటర్‌ల్యాండ్‌లో చివరి కచేరీ చేసినప్పుడు, పాటకి ముందు దాదాపు 5,000 మందికి బల్లలు వేసి పండగ భోజనం పెట్టించారు.

1985లో నాజీ సైనికుల సమాధులున్న బిట్‌బర్గ్ శ్మశానానికి అమెరికా అధ్యక్షుడు రీగన్ వెళ్తున్నాడని తెలిసి, గ్రాహమ్ బహిరంగంగా నిరసన తెలిపారు. కొన్నాళ్ళకే ఆయన ఆఫీసుకి నిప్పు పెట్టారు. ఏళ్ళ తరబడి దాచుకున్న కాగితాలు, పోస్టర్లు బూడిదయ్యాయి. అదే ఏడాది జులైలో ఫిలడెల్ఫియాలో లైవ్ ఎయిడ్ నడిపారు. 1988లో మానవ హక్కుల కోసం ఆమ్నెస్టీ సంస్థ ఊరూరా పెట్టిన కచేరీల యాత్రకీ ఆయనే సారథి. ఆ యాత్ర సెప్టెంబరు 30న మన ఢిల్లీకీ వచ్చింది. బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్, ట్రేసీ చాప్‌మన్ అక్కడ పాడారు.

1991 అక్టోబరులో ఓక్‌లాండ్ కొండల్లో మంటలు లేచి వేల ఇళ్ళు కాలిపోయాయి. ఇల్లు పోవడమంటే ఏమిటో ఆయనకి ఒకరు చెప్పక్కర్లేదు. బాధితుల కోసం కచేరీ పెట్టాలని, హ్యూయీ లూయిస్‌ని ఒప్పించడానికి 25వ తేదీ రాత్రి కాంకర్డ్ వెళ్ళారు. తిరిగొస్తుంటే వానలో హెలికాప్టర్ కరెంటు టవర్‌కి తగిలింది. ఆయనా, తోడున్న ఇద్దరూ పోయారు. ఆయనకి అరవై ఏళ్ళు. నవంబరు 3న గోల్డెన్ గేట్ పార్కులో ఆయన కోసం ఉచిత కచేరీ పెడితే లక్షల మంది వచ్చారు.

పాత ఫిల్‌మోర్ మళ్ళీ తెరుచుకుంది. గుమ్మం దగ్గర ఇప్పటికీ యాపిల్ పళ్ళు పెడుతున్నారు. వారాల తరబడి ఎవరూ ఇంటికి తీసుకెళ్ళని పిల్లవాడు పెద్దయ్యాక, ముక్కూమొహం తెలియని వేలమందిని రాత్రి రాత్రికీ లోపలికి పిలిచి, చేతిలో పండు పెట్టి, జాగ్రత్తగా బయటికి పంపించాడు. ఇంట్లోవాళ్ళ ప్రశ్న ఇన్నాళ్ళూ నాకు చిరాకుగా ఉండేది. ఇప్పుడు అది సరైన ప్రశ్నే అనిపిస్తోంది. కాకపోతే దాన్ని మనల్ని అడగడం కాదు, గేటు తీసేవాళ్ళని అడగాలి. వచ్చే నెల మన కాలేజీ ఫెస్ట్‌లో గేటు తీసేది మనమే. గుమ్మం దగ్గర ముందుగా ఏం పెడదామో ఇప్పుడే ఆలోచించుకుందాం. నా వంతుగా నీళ్ళ డ్రమ్ము నేను చూసుకుంటాను.