సభాపతి బాలయోగి

మైలవరం పరిసరాల కొండలలో పుట్టిన బుడమేరు పల్లానికి ప్రవహించి కొల్లేటి సరస్సులో కలుస్తుంది. చేపల చెరువులకు నెలవైన ఆ కొల్లేటి సీమలో, నాటి కృష్ణాజిల్లా కైకలూరు సమీపాన గల కొవ్వాడలంక వద్ద, 2002 మార్చి 3వ తేదీ ఆదివారం ఉదయం ఒక చిన్న హెలికాప్టరు కూలిపోయింది. అందులో ఉన్న లోక్‌సభ సభాపతి గంటి మోహనచంద్ర బాలయోగి, ఆయన అంగరక్షకుడు, చోదకుడు ముగ్గురూ మరణించారు. అప్పటికి బాలయోగి వయస్సు యాభై ఏండ్లు మాత్రమే.

బాలయోగి 1951 అక్టోబరు 1న నాటి తూర్పుగోదావరి జిల్లాలోని ఎదుర్లంకలో ఒక దళిత కుటుంబంలో జన్మించారు. గౌతమీ గోదావరి తీరాన ఉన్న ఆ పల్లె నుండి చదువు కోసం కాకినాడకు, అక్కడి నుండి ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు వెళ్ళారు. న్యాయశాస్త్ర పట్టా పొంది, 1980లో కాకినాడలో న్యాయవాద వృత్తి చేపట్టారు. 1985లో మేజిస్ట్రేటు పదవి లభించినా, దానిని త్వరలోనే విడిచి తిరిగి న్యాయవాది అయ్యారు.

1987లో జిల్లా పరిషత్ అధ్యక్షులుగా, 1991లో అమలాపురం నుండి లోక్‌సభ సభ్యులుగా ఎన్నికయ్యారు. 1996లో లోక్‌సభ ఎన్నికలలో ఓటమి ఎదురైనా క్రుంగిపోలేదు. ముమ్మిడివరం ఉపఎన్నికలో గెలిచి, రాష్ట్ర ఉన్నత విద్యాశాఖ మంత్రిగా పనిచేశారు. 1998 మార్చి 24న లోక్‌సభ సభాపతి అయ్యారు. ఆ పీఠమెక్కిన తొలి దళితుడు ఆయనే.

1999 ఏప్రిల్ 17న ఆయనకు కఠిన పరీక్ష ఎదురైంది. ఆనాడు వాజపేయి ప్రభుత్వం సభలో విశ్వాసం కోరింది. ఒడిశా ముఖ్యమంత్రి అయిన గిరిధర్ గమాంగ్ అప్పటికి ఇంకా లోక్‌సభ సభ్యత్వం వదులుకోలేదు. ఆయన ఓటు వేయవచ్చునా అన్న వివాదం తలెత్తింది. ఆ విషయాన్ని బాలయోగి ఆ సభ్యుని అంతరాత్మకే విడిచిపెట్టారు. గమాంగ్ వ్యతిరేకంగా ఓటు వేశారు. ప్రభుత్వానికి 269 ఓట్లు, ప్రతిపక్షానికి 270 ఓట్లు వచ్చాయి. ఆ ఒక్క ఓటు లేకుంటే ఇరుపక్షాలూ సమానమై, నిర్ణాయక ఓటు సభాపతి చేతికే వచ్చేది. ఆయన సొంత పక్షమైన తెలుగుదేశం ఆనాడు ప్రభుత్వాన్ని సమర్థించింది. అయినను బాలయోగి పక్షాభిమానానికి లోనుకాలేదు. అదే ఏడాది అక్టోబరు 22న, కొత్త లోక్‌సభ ఆయననే మరల సభాపతిగా ఎన్నుకొన్నది.

ఆ ఆదివారం ఆయన ఎక్కిన హెలికాప్టరు భీమవరం నుండి బయలుదేరింది. చిన్న హెలికాప్టర్లను దింపేటప్పుడు చోదకునికి కనుచూపే ప్రధానమైన ఆధారం. పరిసరాలు స్పష్టంగా కానరాని ఆ ఉదయం, నేల అని తలచి దిగబోయిన చోటు చేపల చెరువు అయినదని భావించారు. మయసభలో జలాన్ని స్థలంగా భ్రమించిన దుర్యోధనుని కథ భారతంలో చదువుకున్నాం. అక్కడ ఆ భ్రమ నవ్వులకు కారణమైంది. ఇక్కడ మూడు ప్రాణాలను బలిగొన్నది.

ఒకప్పుడు యానాం చేరడానికి ఎదుర్లంకవాసులు గౌతమిని పడవలపై దాటేవారు. నేడు ఆ రెండు ఊళ్ళనూ కలిపే వంతెన బాలయోగి పేరుతో నిలిచి ఉన్నది. ఇరుపక్షాల నడుమ నిష్పక్షపాతంగా నిలిచిన సభాపతికి అంతకంటె తగిన స్మారకం వేరొకటి లేదు.