లక్ష్మణ్ నాయక్: మన పక్క కొండల మనిషి

మా నాన్నది ఒడియా, అమ్మది తెలుగు. ఇల్లు రాయగడలో. ఇంట్లో అల్లూరి సీతారామరాజు గురించి అమ్మ చెబితే, లక్ష్మణ్ నాయక్ గురించి నాన్న చెప్పేవారు. మన క్లాసులో అల్లూరి తెలియనివాళ్లు లేరు. రెండో పేరు మాత్రం చాలామంది విననేలేదన్నారు. అందుకే రాస్తున్నాను.

లక్ష్మణ్ నాయక్ 1899 నవంబరు 22న కొరాపుట్ ప్రాంతంలోని తెంతులిగుమ్మలో పుట్టారు. భూమియా తెగ. ఆ కొండలు అప్పుడు జయపురం సంస్థానం కింద, మద్రాసు రాష్ట్రంలో ఉండేవి. 1936లో ఒరిస్సా వేరు రాష్ట్రం అయినప్పుడు అటు వెళ్లాయి. ఆయన తండ్రి సంస్థానం తరఫున ఊళ్ల మీద పెద్దరికం చేసే ముస్తాదారు. కొడుకు కావాలనుకుంటే ఆ హోదాలో హాయిగా బతికేయొచ్చు. ఆయన మాత్రం వెట్టిచాకిరీ చేసేవాళ్ల వైపు, పన్నులతో నలిగేవాళ్ల వైపు నిలబడ్డారు. నాటువైద్యం తెలిసిన మనిషి. కాంగ్రెసులో చేరి ఊరూరా తిరిగి రాట్నం వడకమని, తాగుడు మానమని చెప్పారు.

1942 ఆగస్టులో క్విట్ ఇండియా మొదలవగానే పెద్ద నాయకులందర్నీ జైల్లో పెట్టేశారు. ఆగస్టు 21న నాయక్ గిరిజనులను వెంటబెట్టుకుని మథిలి పోలీస్ స్టేషన్‌కు ఊరేగింపుగా వెళ్లారు. పోలీసులు కాల్పులు జరిపారు. కొందరు చనిపోయారు, చాలామందికి గాయాలయ్యాయి. ఆ గొడవలోనే ఒక ఫారెస్టు గార్డు కూడా చనిపోయాడు. ఆ హత్య నాయకే చేశారని కేసు పెట్టారు. అది అబద్ధపు కేసు అని మా వైపు ఇప్పటికీ చెప్పుకుంటారు. నవంబరు 13న ఉరిశిక్ష వేశారు. 1943 మార్చి 29న బరంపురం జైల్లో ఉరితీశారు. ఆయనకప్పటికి 43 ఏళ్లు.

నన్ను ఆలోచింపజేసింది ఈ కేసే. అల్లూరిని 1924లో విచారణ లేకుండా కాల్చేశారు. నాయక్‌కి కోర్టు ఉంది, జడ్జి ఉన్నాడు, తీర్పు ఉంది. కానీ మాథిలిలో తుపాకులు పేల్చింది ఎవరు, బోనులో నిలబడింది ఎవరు? నినాదం ఇచ్చాడని ఉరి తీయడం కష్టం, హంతకుడంటే తేలిక. నోరు మూయించడానికి ప్రతిసారీ మాటల మీద చట్టమే అక్కర్లేదు, ఇంకో నేరం అంటగడితే చాలు. అలా చేస్తే ఆ గార్డుకి కూడా అన్యాయమే. అతనూ మనిషే కదా, అతని చావు వెనక నిజం తేలాలి కదా!

మన రాజ్యాంగం 19వ అధికరణంలో మాట్లాడే హక్కు, ఆయుధాలు లేకుండా శాంతిగా గుమిగూడే హక్కు రెండూ ఉన్నాయి. పొలిటికల్ సైన్స్ పరీక్షకి వాటిని బట్టీ పడతాం. అవి రాకముందే, చదువులేని కొండమనుషులు ఆ రెండు హక్కులనూ వాడుకుని ప్రాణాలిచ్చారు.

ఇవాళ కొరాపుట్ మెడికల్ కాలేజీకి ఆయన పేరే. పేరు పెట్టడం మంచిదే. కానీ ఇప్పుడు కూడా ఎవరైనా అడవి గురించో భూమి గురించో గొంతెత్తి కేసులో ఇరుక్కుంటే, వాళ్ల మీద రాసిన నేరం ఏంటో, దానికి సాక్ష్యం ఏంటో మనం అడగాలి. నాయక్‌ని తలుచుకోవడమంటే నాకు అదే అనిపిస్తుంది.