షాకల్టన్ డేరా



గత నెల మా గదిలో జరిగిన గొడవ మీ అందరికీ తెలుసు. గది లీడర్ని నేను. నీళ్ల డ్యూటీ, ఊడ్చే డ్యూటీ రాసేది నేనే. ఒకడు ఎప్పుడూ సణుగుతున్నాడని వాడి చాప తలుపు దగ్గరకి జరిపించాను. వాడితో ఎవరూ మాట్లాడొద్దని కూడా చెప్పాను. మూడో రోజు వాడు ట్రంకుపెట్టె సర్దుకుని ఊరెళ్లిపోయాడు. సోషల్ సార్ నన్ను తిట్టలేదు. షాకల్టన్ గురించిన పుస్తకం చేతికిచ్చి చదవమన్నారు, అంతే. చదివింది రాస్తున్నాను.

ఎర్నెస్ట్ షాకల్టన్ 1874 ఫిబ్రవరి 15న ఐర్లండులో పుట్టాడు. పదహారేళ్లకే ఓడలో పనికి చేరాడు. అంటే మన పదో తరగతి అన్నల వయసే. 1901లో స్కాట్ అనే కెప్టెన్ వెంట అంటార్కిటికా వెళ్లాడు గానీ, జబ్బు చేస్తే మధ్యలోనే ఇంటికి పంపేశారు. తర్వాత సొంతంగా బృందం కట్టుకుని, 1909 జనవరి 9న దక్షిణ ధ్రువానికి ఇంకా 180 కిలోమీటర్లే ఉందనగా వెనక్కి తిరిగాడు. ముందుకెళ్తే పేరొచ్చేది. కానీ తిండి చాలదు, తిరుగు దారిలో చచ్చిపోతారు. మొదట నాకిది పిరికితనంలా అనిపించింది. తర్వాత అనిపించలేదు. వెళ్లిన నలుగురూ బతికొచ్చారు.

1914లో అంటార్కిటికాని ఈ చివర నుంచి ఆ చివరకి దాటాలని ఎండ్యూరెన్స్ అనే ఓడలో బయల్దేరాడు. ఆ మాటకి ఓర్పు అని అర్థం. ఓడలో 28 మంది. అందులో ఒక కుర్రాడు చెప్పకుండా దాక్కుని ఎక్కినవాడు! 1915 జనవరిలో ఓడ మంచులో ఇరుక్కుపోయింది. పది నెలలైనా కదల్లేదు. అక్టోబరు 27న దాన్ని వదిలేసి అందరూ మంచుగడ్డ మీదకి దిగారు. నవంబరు 21న ఓడ మునిగిపోయింది.

ఇక్కణ్ణుంచే నాకు అసలు కథ. చలి కన్నా, ఆకలి కన్నా అతను ఎక్కువ భయపడింది మనుషుల మనసు విరిగిపోతుందేమోనని. ఒకడు ఆశ వదిలేస్తే పక్కవాడికీ అంటుకుంటుంది, గజ్జి లాగా. అందుకే ఓడలో ఉన్నప్పుడే డాక్టర్లు, సైంటిస్టులు కూడా వంతుల ప్రకారం నేల కడగాలని పెట్టాడు. పడుకునే సంచుల్లో వెచ్చటి బొచ్చువి 18 మాత్రమే, మిగతావి ఉన్నివి. చీటీలు వేశారు. చిత్రం ఏంటంటే షాకల్టన్‌కీ ఆఫీసర్లకీ ఉన్నివే వచ్చాయి, మంచివి నావికులకి పోయాయి. ఏదో మతలబు చేశారని నావికులకే అనుమానం వచ్చింది. మన దగ్గర చీటీల్లో మతలబు జరిగితే మంచి దుప్పటి ఎవరికి పోతుందో చెప్పక్కర్లేదు కదా.

సామాను ఒక్కొక్కరికి కిలో లోపే ఉండాలన్నాడు. తన దగ్గరున్న బంగారు నాణేలు మంచులో పారేశాడు. కానీ హస్సీ అనే అతని బాంజో, అంత బరువున్నా, తెమ్మన్నాడు. రాత్రిళ్లు పాటల్లేకపోతే జనం కుంగిపోతారని.

ఇక డేరాలు. ఫొటోగ్రాఫర్ హర్లీకి తనని పెద్దవాడిగా చూడాలనే పట్టింపు. దూరం పెడితే మిగతావాళ్లని తిప్పుతాడు. షాకల్టన్ అతన్ని తన డేరాలోనే పెట్టుకుని సలహాలు అడిగేవాడు. తోటివాళ్లు ఏడిపించే జేమ్స్ అనే సైంటిస్టుని కూడా అక్కడికే తెచ్చుకున్నాడు. ఇది చదివినప్పుడు పుస్తకం మూసేశాను. తలుపు దగ్గర చాప గుర్తొచ్చింది.

1916 ఏప్రిల్‌లో మంచు విరిగితే మూడు పడవల్లో ఎలిఫెంట్ దీవి చేరారు. అక్కడ మనుషులుండరు. ఏడు మీటర్ల పడవలో ఆరుగురు, సుమారు 1,300 కిలోమీటర్లు దాటి సౌత్ జార్జియా దీవికి సాయం కోసం బయల్దేరారు. ఎదురుతిరిగే వడ్రంగి మెక్‌నిష్‌ని, జగడాలమారి విన్సెంట్‌ని తనతోనే తీసుకెళ్లాడు. దీవిలో వదిలితే అక్కడ గొడవ లేస్తుందని కూడా. పడవలో ఎవరైనా నీరసించినట్టు కనిపిస్తే అందరికీ వేడి పాలు ఇమ్మనేవాడు. ఒక్కడికే ఇస్తే వాడు సిగ్గుపడతాడు కదా.

16 రోజులకి ఒడ్డు తగిలింది. కానీ ఊరు దీవికి అవతలి వైపుంది. వర్స్లీ, క్రీన్‌లతో కలిసి దారి లేని మంచు కొండలు 36 గంటల్లో దాటాడు. ఇటు ఎలిఫెంట్ దీవిలో 22 మందిని ఫ్రాంక్ వైల్డ్ చూసుకున్నాడు. ఈరోజే బాస్ రావచ్చు, సామాను సర్దుకోండని రోజూ చెప్పేవాడట. నాలుగు నెలలు! షాకల్టన్ మూడుసార్లు ఓడలతో వచ్చి మంచు అడ్డమై తిరిగిపోయాడు. నాలుగోసారి, ఆగస్టు 30న, చిలీ దేశపు చిన్న ఓడ యెల్చోలో వచ్చి అందరినీ తీసుకెళ్లాడు.

ఒక్కరూ చనిపోలేదని చాలామంది అంటారు. అది ఈ 28 మంది సంగతి. ఖండానికి అవతలి వైపు అతని కోసం సరుకులు దాచడానికి వెళ్లిన బృందంలో ముగ్గురు చనిపోయారు. ఇంకోటి కూడా నాకు నచ్చలేదు. మెక్‌నిష్ పెంచుకున్న పిల్లిని, తిండి లేదని, కాల్పించాడు. కోపంతో ఉన్నా ఆ మెక్‌నిషే పడవని సముద్రానికి తట్టుకునేలా బాగుచేశాడు. అయినా తర్వాత అతనికి, ఇంకో ముగ్గురికి పతకం ఇవ్వొద్దన్నాడు షాకల్టన్. అంత పెద్ద మనిషికీ మనసులో కోపం మిగిలిపోయింది. 2004లో న్యూజిలాండులో ఉన్న మెక్‌నిష్ సమాధి మీద ఆ పిల్లి కంచు బొమ్మ పెట్టారు.

షాకల్టన్ 1922 జనవరి 5న మళ్లీ అటే వెళ్తూ సౌత్ జార్జియాలో గుండెపోటుతో చనిపోయాడు. ఆ ప్రయాణంలోనూ వైల్డ్, ఇంకా కొందరు పాతవాళ్లు వెంట ఉన్నారు. అక్కడే పూడ్చారు. మునిగిన ఓడ 2022 మార్చిలో 3,008 మీటర్ల లోతులో దొరికింది.

ఈ ఆదివారం సార్‌తో కలిసి వాడి ఊరెళ్తున్నాను. బస్సు దిగాక కొండెక్కి నడవాలి. నా చాప పక్కన చోటు ఖాళీ చేశాను. వాడొస్తాడో రాడో తెలీదు.

— గది లీడరు, 9వ తరగతి