విలియం కేరీ: నిప్పులో కరిగిన అక్షరాలు



పెండ్లి శుభలేఖకో, విచారణ పండుగ కరపత్రానికో మీరు పలాసలోనో టెక్కలిలోనో డి.టి.పి. సెంటరుకు వెళ్లే ఉంటారు. కంప్యూటరు ముందు కూర్చున్న అబ్బాయి ఏ ఫాంటు కావాలి, ఎన్ని పాయింట్లు ఉండాలి, లెడింగ్ పెంచాలా అని అడుగుతాడు. ఈ మాటలు కంప్యూటరుతో పుట్టినవి కావు. సీసపు అక్షరాలను ఒక్కొక్కటిగా చేత్తో పేర్చిన రోజులలో పుట్టినవి. వాటి వెనుక ఎంత శ్రమ ఉందో విలియం కేరీ జీవితం చూస్తే తెలుస్తుంది.

కేరీ 1761 ఆగస్టు 17న ఇంగ్లండులోని పాలర్స్‌పరీ అనే పల్లెలో పుట్టాడు. చిన్నతనంలోనే చెప్పులు కుట్టే పనిలో చేరాడు. ఆ పని చేస్తూనే లాటిన్, గ్రీకు, హీబ్రూ భాషలు నేర్చుకున్నాడు. బాప్తిస్టు బోధకుడై, 1793లో భార్యాబిడ్డలతో కలకత్తా చేరాడు. మరుసటి ఏడే ఐదేళ్ల కొడుకు పీటర్ జబ్బుచేసి మరణించాడు. ఆ దుఃఖంలో భార్య డొరోతి మతి చలించింది. 1807లో ఆమె కన్నుమూసే దాకా ఆ ఇంట ఆ బాధ ఉండనే ఉంది. అయినా ఆయన పని ఆపలేదు.

మన పూండి మీదుగా పోయే రైలు పట్టాలు హౌరా చేరతాయి. అక్కడికి సుమారు 20 కిలోమీటర్ల దూరంలో, హుగ్లీ నది ఒడ్డున శ్రీరాంపూర్ ఉంది. ఆనాడు అది డేన్ల పాలనలో ఉండేది. 1800లో కేరీ అక్కడ మార్ష్‌మన్, వార్డ్ అనే సహచరులతో కలిసి అచ్చుకూటం పెట్టాడు. అక్షరాలు చెక్కే పనిలో ఆరితేరిన పంచానన్ కర్మకార్ అనే బెంగాలీ శిల్పి వారికి తోడయ్యాడు. ఆయన తరువాత అల్లుడు మనోహర్ ఆ పని సాగించాడు.

అక్షరం ఎలా తయారయ్యేదో చూడండి. ముందుగా ఉక్కు ముక్క కొనమీద అక్షరాన్ని తిరగేసి చెక్కాలి. అది పంచ్. దానిని రాగి బిళ్ల మీద కొడితే గుంట పడుతుంది. అది మాట్రిక్స్. ఆ గుంటలో కరిగిన సీసపు మిశ్రమం పోస్తే అచ్చు అక్షరం వస్తుంది. ఇలా పోత పోసిన అక్షరాల సమితికే ఫాంటు అని పేరు. జ్ఞానస్నానపు తొట్టినీ ఇంగ్లీషులో ఫాంట్ అనే అంటారు గాని, ఆ మాట లాటిన్‌లో ఊట అనే పదం నుంచి వచ్చింది. అచ్చు ఫాంటు మాత్రం కరిగించి పోయడం అనే పదం నుంచి వచ్చింది. అక్షరం దిమ్మ ఎత్తును కొలిచేది పాయింటు. నేటి కంప్యూటరులో 72 పాయింట్లు ఒక అంగుళం. వరుసకూ వరుసకూ నడుమ పెట్టే సీసపు పట్టీల వల్ల లెడింగ్ అనే మాట పుట్టింది. పైన గుడులు, కింద ఒత్తులు ఉన్న మన తెలుగుకు ఆ ఎడం మరికాస్త ఎక్కువే కావాలి.

1812 మార్చి 11 సాయంత్రం ఆ అచ్చుకూటం అంటుకుంది. 14 భాషల అచ్చు అక్షరాలు కరిగి ముద్దలయ్యాయి. కాగితం బూడిదైంది. కేరీ వ్రాసిన తెలుగు వ్యాకరణం వ్రాతప్రతి మొత్తం కాలిపోయింది. బెంగాలీ నిఘంటువులో, పంజాబీ వ్యాకరణంలో కూడా చాలా భాగం పోయింది. ఆ రాత్రి కేరీ కలకత్తాలో ఉన్నాడు. తిరిగి వచ్చి ఆ శిథిలాలను చూసినప్పుడు ఆయన కళ్లు చెమర్చాయి.

అయితే బూడిద తవ్విన వారికి ఉక్కు పంచ్‌లూ, రాగి మాట్రిక్స్‌లూ చెడకుండా దొరికాయి. పక్క గదిలోని అచ్చు యంత్రాలూ మిగిలాయి. కరిగిన ఆ సీసాన్నే మళ్లీ కరిగించి, కొద్ది రోజులలోనే కొత్త అక్షరాలు పోయడం మొదలుపెట్టారు. ఒకసారి నడిచిన దారిలో రెండోసారి నడక సులువవుతుందని కేరీ స్వదేశంలోని మిత్రులకు వ్రాశాడు. ఆయన తెలుగు వ్యాకరణాన్ని మొదటి నుంచి మళ్లీ వ్రాశాడు. 1814లో అది అచ్చయింది. 1818లో శ్రీరాంపూర్ నుంచి తెలుగు నూతన నిబంధన వెలువడింది. ఆయన 1834 జూన్ 9న శ్రీరాంపూర్‌లోనే మరణించాడు.

కేరీ మన కతోలిక శ్రీసభకు చెందినవాడు కాడు. అయినా తెలుగు అక్షరం అచ్చులోకి ఎక్కిన కథలో ఆయన కష్టాన్ని మరచిపోలేము.

ఉద్దానం వాసులైన మీకు ఈ కథ కొత్తగా అనిపించదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. తాతలు నాటిన చెట్లు ఒక్క రాత్రిలో పోయాయి. కొత్త మొక్క కాపుకు రావడానికి ఏళ్లు పడుతుందని తెలిసి కూడా మీలో ఎందరో మళ్లీ గుంట తవ్వి మొక్క నాటారు. నష్టం వచ్చినప్పుడు పోయినదాన్ని లెక్కపెట్టడం సహజమే. కాని శ్రీరాంపూర్‌లో వారు బూడిద తవ్వి, మిగిలినదేమిటో వెదికారు. మన ఇండ్లలోనూ కష్టం వచ్చిన మరునాడు చేయవలసిన మొదటి పని అదే. ఇకపై ఫాంటు అన్న మాట చెవిన పడినప్పుడు, కరిగిన సీసాన్ని మళ్లీ అక్షరాలుగా పోసిన ఆ చేతులను ఒక్కసారి తలచుకోండి.