బెన్ హోగన్

విలియం బెన్ హోగన్ (ఆగష్టు 13, 1912 - జూలై 25, 1997) ప్రసిద్ధి గాంచిన అమెరికా గోల్ఫ్ క్రీడాకారుడు. గోల్ఫ్‌లోని నాలుగు ప్రధాన పోటీలలో కలిపి 9 విజయాలు సాధించాడు. తన స్వింగ్‌లోని దోషాన్ని ఏళ్ళ తరబడి పరిశీలించి సరిదిద్దుకొన్న ఆటగాడిగా కూడా పేరొందాడు. బంతిని కొట్టటానికి క్లబ్బును, అనగా గోల్ఫ్ కర్రను, వెనుకకు ఎత్తి తిరిగి ముందుకు విసిరే కదలికను స్వింగ్ అంటారు.

బాల్యం

హోగన్ టెక్సస్ రాష్ట్రంలోని స్టీఫెన్‌విల్ పట్టణంలో జన్మించాడు. తండ్రి చెస్టర్ కమ్మరి పని చేసేవాడు. 1922లో ఫోర్ట్‌వర్త్ నగరంలో తండ్రి ఆత్మహత్య చేసుకొన్నాడు. అప్పటికి హోగన్‌కు తొమ్మిదేళ్ళు. కుటుంబ భారం తల్లిపై పడటంతో పిల్లలు కూడా సంపాదించవలసి వచ్చింది. హోగన్ రైల్వే స్టేషనులో వార్తాపత్రికలు అమ్మాడు. పదకొండవ ఏట గ్లెన్ గార్డెన్ క్లబ్బులో కేడీగా, అనగా ఆటగాళ్ళ సంచులు మోసే కుర్రవాడిగా చేరాడు. అనంతర కాలంలో మేటి ఆటగాడైన బైరన్ నెల్సన్ కూడా అక్కడే కేడీగా పనిచేశాడు.

హుక్ దోషం

1930లో, 17 ఏళ్ళ వయసులో, హోగన్ గోల్ఫ్‌ను వృత్తిగా స్వీకరించాడు. పొడగరి కాకపోయినా బంతిని చాలా దూరం కొట్టగలిగేవాడు. కాని కీలక సమయంలో బంతి ఎడమకు వంగి చెట్లలోకి, గడ్డిలోకి పోయేది. బహుమతి ధనం దక్కక, చేతిలో డబ్బు అయిపోయి ఒకటికంటె ఎక్కువ సార్లు పోటీలు మానుకొని ఇంటికి తిరిగి వెళ్ళాడు. 1935లో వేలరీ ఫాక్స్‌ను వివాహమాడిన తరువాత కూడా ఆర్థిక ఇబ్బందులు తొలగలేదు. ఆ దశలో సాటి ఆటగాడు హెన్రీ పికార్డ్, అవసరమైతే తాను ఆదుకొంటానని ధైర్యం చెప్పాడు. ఆ ధనం తీసుకొనే అవసరం రాకపోయినా, 1948లో వెలువడిన తన మొదటి పుస్తకాన్ని హోగన్ పికార్డ్‌కే అంకితమిచ్చాడు.

దోషానికి కారణం

కుడిచేతివాటం ఆటగాడు కొట్టిన బంతి గాలిలో బాగా ఎడమకు వంగితే హుక్ అనీ, కుడికి వంగితే స్లైస్ అనీ అంటారు. కర్రా బిళ్ళ ఆటలో కర్ర ఏ దారిన వచ్చి తాకిందో చూస్తే సరిపోతుంది. గోల్ఫ్‌లో అది ఒక్కటే చాలదు. తాకే క్షణంలో క్లబ్బు ముఖం ఎటు చూస్తున్నదో కూడా గమనించాలి. క్లబ్బు సాగే దారికి, ముఖం చూసే దిశకు మధ్య కోణం ఏర్పడితే బంతి తిరిగే అక్షం పక్కకు ఒరుగుతుంది. ముఖం దారికంటె ఎడమకు మూసుకొని ఉంటే బంతి ఎడమకు, కుడికి తెరుచుకొని ఉంటే కుడికి వంగుతుంది. బంతి బయలుదేరే దిశ ప్రధానంగా ముఖంపై ఆధారపడుతుందని తరువాతి కాలపు రాడార్ కొలతలు తెలిపాయి. హుక్ ఉన్న ఆటగాడు ముఖాన్ని సరిచేయకుండా క్లబ్బును మరింత కుడివైపుకు విసిరితే ఆ కోణం పెరిగి బంతి ఇంకా ఎక్కువగా వంగుతుంది.

సవరణ

పికార్డ్ సలహాతో హోగన్ ఎడమచేతి పట్టును కొంత ఎడమకు తిప్పుకొన్నాడు. దీనివలన క్లబ్బు ముఖం త్వరగా మూసుకుపోవటం తగ్గింది. 1940లో పైన్‌హర్స్ట్‌లో జరిగిన నార్త్ అండ్ సౌత్ ఓపెన్‌లో తొలి వ్యక్తిగత విజయం లభించింది. 1940 నుండి 1942 వరకు వరుసగా మూడు సంవత్సరాలు బహుమతి ధనంలో అగ్రస్థానంలో నిలిచాడు. అయినా హుక్ భయం పూర్తిగా పోలేదు. సైనిక సేవ ముగించుకొని వచ్చాక, 1946లో మరొక సవరణ చేశాడు. స్వింగ్ పైకి చేరినప్పుడు ఎడమ మణికట్టును చేతి వెనుకవైపుకు కొద్దిగా వంచి ముఖాన్ని తెరిచి ఉంచేవాడు. అప్పటి నుండి ఎంత బలంగా కొట్టినా బంతి ఎడమకు పోక, చివరలో స్వల్పంగా కుడికి వాలేది. ఈ రహస్యాన్ని 1955లో లైఫ్ పత్రికలో వెల్లడించాడు. ఇది హుక్ ఉన్నవారికి ఉద్దేశించినది. స్లైస్ ఉన్నవారు దీనిని అనుసరిస్తే దోషం పెరుగుతుంది.

ప్రమాదం - పునరాగమనం

1946లో పి.జి.ఏ. ఛాంపియన్‌షిప్, 1948లో అదే పోటీతో పాటు యు.ఎస్. ఓపెన్ గెలిచాడు. 1949 ఫిబ్రవరి 2న టెక్సస్‌లోని వాన్ హార్న్ సమీపంలో, పొగమంచులో ఎదురుగా వచ్చిన బస్సు ఆయన కారును ఢీకొన్నది. భార్యను కాపాడటానికి హోగన్ ఆమెకు అడ్డుగా ఒరిగాడు. అలా ఒరగటం వలననే ఆయన ప్రాణం కూడా దక్కింది. కటి ఎముక, జత్రుక (కాలర్ బోన్), ఎడమ చీలమండ విరిగాయి. రక్తం గడ్డలు కట్టగా శస్త్రచికిత్స చేయవలసి వచ్చింది. నడవటమే కష్టమని భావించిన స్థితి నుండి కోలుకొని, 16 నెలల తరువాత, 1950 జూన్‌లో మెరియన్‌లో యు.ఎస్. ఓపెన్ గెలిచాడు. కాళ్ళకు పట్టీలు చుట్టుకొని ఒకే రోజు 36 హోల్స్ ఆడి, మరునాడు జరిగిన తుది పోరులో లాయిడ్ మాంగ్రమ్, జార్జ్ ఫాజియోలను ఓడించాడు. ఆయన 9 ప్రధాన విజయాలలో 6 ఈ ప్రమాదం తరువాత వచ్చినవే. 1953లో మాస్టర్స్, యు.ఎస్. ఓపెన్, స్కాట్లాండ్‌లోని కార్నూస్టీలో జరిగిన ఓపెన్ ఛాంపియన్‌షిప్ మూడింటినీ గెలిచాడు. తేదీలు అడ్డుపడటంతో ఆ ఏడాది పి.జి.ఏ.లో పాల్గొనలేకపోయాడు.

గ్రంథం, చివరి రోజులు

1957లో హోగన్ రచించిన ఫైవ్ లెసన్స్ వెలువడింది. రచనలో హెర్బర్ట్ వారెన్ విండ్ సహకరించగా, ఆంథొనీ రవియెల్లి బొమ్మలు గీశాడు. బంతి నుండి భుజాల మీదికి వాలుగా ఆనించిన గాజు పలకను ఊహించుకొని, వెనుకకు ఎత్తేటప్పుడు చేతులు ఆ తలాన్ని ఛేదించకుండా సాగాలని ఇందులో వివరించాడు. స్వింగ్ దారిని కంటికి కట్టినట్లు చూపిన ఈ పోలికను గోల్ఫ్ శిక్షకులు నేటికీ ఉదహరిస్తారు. హోగన్ తన 84వ ఏట ఫోర్ట్‌వర్త్‌లో మరణించాడు.