ఊటీ యాంటెన్నాను చూడకుండానే వెళ్ళిపోయిన భాభా

1966 జనవరి 24న ఎయిరిండియా విమానం 'కాంచనగంగ' ఆల్ప్స్ పర్వతాలలోని మౌంట్ బ్లాంక్‌పై కూలిపోయింది. అందులోని 117 మందిలో ఒక్కరూ ప్రాణాలతో మిగలలేదు. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ సమావేశానికి వియన్నా బయలుదేరిన డాక్టర్ హోమీ భాభా వారిలో ఒకరు. అప్పటికి ఆయన వయస్సు 56 ఏళ్ళు.

అణుశక్తి రంగంలో ఆయన కృషి తెలియనివారు అరుదు. ఆకాశం నుంచి వచ్చే రేడియో తరంగాలను పసిగట్టి నక్షత్ర మండలాలను పరిశీలించే శాస్త్రానికి, రాకెట్ ప్రయోగాలకు సైతం దేశంలో చోటు కల్పించింది ఆయనేనన్న సంగతి మాత్రం అంతగా ప్రచారంలోకి రాలేదు.

1909 అక్టోబర్ 30న బొంబాయిలోని సంపన్న పార్సీ కుటుంబంలో జన్మించిన భాభా, కేంబ్రిడ్జిలో తొలుత ఇంజనీరింగ్ అభ్యసించి ఆనక భౌతికశాస్త్రానికి మళ్ళారు. 1939లో సెలవులకు స్వదేశం వచ్చిన ఆయన రెండో ప్రపంచ యుద్ధం కారణంగా తిరిగి వెళ్ళలేకపోయారు. 1945లో టాటా మౌలిక పరిశోధన సంస్థను నెలకొల్పారు. 1948లో అణుశక్తి సంఘం అధ్యక్షులయ్యారు.

1957 అక్టోబర్ 4న సోవియట్ యూనియన్ స్పుత్నిక్‌ను ప్రయోగించడంతో ఉపగ్రహ యుగం ఆరంభమైంది. 1961లో కేంద్ర ప్రభుత్వం అంతరిక్ష పరిశోధన బాధ్యతను భాభా ఆధ్వర్యంలోని అణుశక్తి శాఖకే అప్పగించింది. మరుసటి ఏడాది విక్రమ్ సారాభాయ్ అధ్యక్షతన జాతీయ సంఘం ఏర్పడింది. తిరువనంతపురం సమీపంలోని తుంబా అనే జాలరి పల్లె నుంచి 1963 నవంబర్ 21న తొలి రాకెట్ నింగికెగసింది. రాకెట్ అమెరికాది. కార్యాలయం ఒక చర్చి.

రేడియో ఖగోళశాస్త్రం కథ వేరు. విదేశాలలో పనిచేస్తున్న నలుగురు భారతీయ యువశాస్త్రవేత్తలు ఈ పరిశోధనను స్వదేశంలో చేపడతామంటూ 1961 సెప్టెంబర్‌లో ఇక్కడి ప్రముఖులకు ప్రతిపాదన పంపారు. 1962 జనవరికల్లా భాభా తంతి ద్వారా సమ్మతి తెలియజేశారు. మన కార్యాలయాల నుంచి బదులు ఎన్నాళ్ళకు వస్తుందో ఎరిగినవారికి ఇది చిన్న విషయంగా తోచదు. ఆ నలుగురిలో ఒకరైన గోవింద్ స్వరూప్ 1963లో అమెరికా నుంచి వచ్చి టాటా సంస్థలో చేరారు.

ఆస్ట్రేలియా ఉచితంగా ఇచ్చిన 32 యాంటెన్నాలు అప్పటికే ఏళ్ళ తరబడి ఢిల్లీలో నిరుపయోగంగా పడి ఉన్నాయి. పళ్ళెం ఆకారంలోని ఈ యాంటెన్నాల వ్యాసం ఆరేసి అడుగులు. స్వరూప్ బృందం వాటిని 1965లో బొంబాయి చేరువలోని కల్యాణ్‌లో అమర్చి, సూర్యుని నుంచి వచ్చే రేడియో తరంగాలను నమోదు చేసింది.

స్వరూప్ మనసులో అంతకు మించిన పథకం ఉంది. ఉదకమండలం ప్రాంతపు అక్షాంశం సుమారు 11 డిగ్రీలు. అంతే వాలు గల కొండపై ఉత్తర దక్షిణాలుగా యాంటెన్నాను నిర్మిస్తే, దాని ఇరుసు భూమి ఇరుసుకు సమాంతరంగా ఉంటుంది. ఆ ఒక్క ఇరుసుపై తిప్పుతూ నక్షత్రాన్ని గంటల తరబడి వెంబడించవచ్చు. పొడవు 530 మీటర్లు, వెడల్పు 30 మీటర్లు. ఇంతటి పరికరాన్ని స్వదేశంలోనే రూపొందించి నిర్మిస్తామన్న యువకుని మాటను నమ్మి భాభా ఆమోదముద్ర వేశారు.

ఊటీ టెలిస్కోప్ 1970లో పని ప్రారంభించింది. అప్పటికి భాభా మరణించి నాలుగేళ్ళు. తొలి భారతీయ ఉపగ్రహం ఆర్యభట్ట 1975 ఏప్రిల్ 19న కక్ష్యలోకి చేరేనాటికి సారాభాయ్ కూడా లేరు.